మేత మక్కకు వేరే లెక్క కావాలి మంత్రిగారూ

గౌరవనీయ తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు రైతులు చెప్పులు లైన్లో పెట్టిన సంగతి మీకు తెలియనిది కాదు. అప్పుడు గొడవంతా ఎన్ని బస్తాలు వచ్చాయి, ఇంకా ఎన్ని రావాలన్న దాని మీదే నడిచింది. వేసిన బస్తాలో పంటకు అందేదెంత అని అడిగినవాళ్లు తక్కువ. హైదరాబాద్ చుట్టూ బర్రెల మేత కోసం మక్క వేసే రైతుగా ఆ సంగతే అడుగుదామని ఈ లేఖ.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు. గింజ పంటలు వేసిన నత్రజనిలో మూడో వంతు దాకానే వాడుకుంటాయన్నది ప్రపంచమంతా చెప్పుకునే అంచనా. మిగిలిన దాంట్లో కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నీళ్లలో కరిగే నైట్రేట్‌గా మారి భూగర్భ జలాల్లోకి దిగుతుంది. పైన చల్లేసి తడి పెట్టకపోతే నష్టం ఇంకా ఎక్కువ.

మేత మక్కకు హెక్టారుకు 120 కిలోల నత్రజని అన్నది సాధారణంగా వినిపించే సిఫారసు. అంటే ఎకరాకు రెండుంపావు బస్తాలకు కాస్త పైన. మా వైపు మూడు, నాలుగు వేసేవాళ్లున్నారు. తప్పు వాళ్లదే అనలేను. సిటీలో డెయిరీల వాళ్లు మేత కొనేది రంగు చూసి, బరువు చూసి. ఆకు నల్లగా నిగనిగలాడితే మంచి రేటు. ఆ బరువులో నీళ్లెన్ని, మాంసకృత్తులెన్ని అని తూచేదెవరు? పైగా ఈ పంట 60, 70 రోజుల్లో కోతకొస్తుంది. మోకాలెత్తు నుంచి జల్లు (మగపూత) వచ్చేదాకా మొక్క నత్రజనిని ఆబగా లాగుతుంది. కోతకు దగ్గరపడ్డాక వేసిన యూరియా మాంసకృత్తులుగా మారే టైమ్ ఉండదు, నైట్రేట్‌గా కాండంలోనే ఉండిపోతుంది.

ఇక్కడే అసలు టెన్షన్. లేత జొన్న మేపితే ప్రమాదమని మా దగ్గర పిల్లలకూ తెలుసు. మక్కలో అలాంటిదేమీ ఉండదని ధీమా. కానీ యూరియా దండిగా వేసిన మక్క ఎండకు వాడి, ఒక వాన పడగానే పచ్చబడితే కొన్ని రోజుల పాటు కాండం అడుగు భాగంలో నైట్రేట్ పేరుకుంటుంది. బర్రె కడుపులో అది నైట్రైట్‌గా మారి, రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి తెస్తుంది. అలాంటప్పుడు నాలుగైదు రోజులు ఆగాలి, మొదలు జానెడు వదిలి కోయాలి. సైలేజీ వేస్తే, అంటే పచ్చిమేతను గాలి తగలకుండా మాగేస్తే, నైట్రేట్ కొంత తగ్గుతుంది. ఈ మాటలు రైతు వేదికల్లో వినిపించాలి కదా.

ఇంకో సంగతి. మా బోర్ల నీళ్లలోనే నత్రజని ఉంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. సరిగ్గా అంతే ఉన్న నీళ్లతో ఎకరా పొలానికి తడికి ఐదు సెంటీమీటర్ల లోతు చొప్పున ఐదు తడులిస్తే దాదాపు పది కిలోల నత్రజని, అంటే అరబస్తా యూరియా, మనం వేయకుండానే పొలంలో పడుతుంది. మూసీ నీళ్లతో మేత పండించే పీర్జాదిగూడ వైపు ఈ లెక్క ఎక్కడిదాకా పోతుందో మీ అధికారులనే తేల్చమనండి. 2015లో మొదలైన భూసార పరీక్ష కార్డులో 12 అంశాలున్నాయి, అన్నీ మట్టివే. నీటి గురించి ఒక్క గడీ లేదు.

నేనడిగేది కొత్త సబ్సిడీ కాదు. మేత మక్క వేసే మండలాల్లో బోరు నీళ్లలో నైట్రేట్ కూడా పరీక్ష చేయించి, ఆ కార్డు మీదే రాయించండి. నీటిలో ఉన్నది తీసేసి మిగిలినదే వేయమని సిఫారసు ఇప్పించండి. ఆకు రంగు చూసి నత్రజని అవసరం చెప్పే కార్డు చౌకైనదే, ప్రతి ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) చేతికీ ఇవ్వొచ్చు. మక్కలో అలసంద కలిపి వేస్తే మేతలో మాంసకృత్తులు పెరుగుతాయి. దాన్ని రైతుల పొలాల్లోనే చేసి చూపించాలి.

అడ్డం ఎక్కడంటే, మేత విత్తనం పశుసంవర్ధక శాఖ చూస్తుంది, యూరియా మీ శాఖ చూస్తుంది. మధ్యలో మేత మక్క నత్రజని ఎవరి ఫైల్లోనూ లేదు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, సంతోష్‌నగర్‌లో మెట్ట సాగు మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ క్రిడా (CRIDA) ఉంది. వాళ్లనూ పశువైద్యులనూ ఒకచోట కూర్చోబెట్టి, యాసంగి మేత విత్తనాలు పంచేలోపే ఆ సంచితో పాటు ఇచ్చే ఒక పేజీ సిఫారసు రాయించండి.

ఇట్లు,
మొయినాబాద్ వైపు ఒక పాడి రైతు
హైదరాబాద్