ఓటరు గురించి ఒక్క మాటలో తేల్చేయకండి

ఎడిటర్ గారికి,

ఎన్నికలొస్తే చాలు, మన పత్రికల్లో మొదట కనిపించేది కులాల లెక్క. ఫలానా నియోజకవర్గంలో వీళ్లు ఇన్ని వేలు, వాళ్లు ఇన్ని వేలు అని పట్టిక వేసేస్తారు. ఫలితాలు రాగానే సానుభూతి పనిచేసిందనో, డబ్బు పనిచేసిందనో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఓటు వేసే మనిషిగా నాకది చాలా బాధ కలిగిస్తోంది.

కులం పనిచేయదని నేను అనను. ఇంట్లో పెద్దాయన ఏ పార్టీయో, డ్వాక్రా మీటింగులో ఏం మాట్లాడుకుంటున్నారో, అర్ధరాత్రి ఆస్పత్రికి పోవాల్సి వస్తే ఏ నాయకుడు ఫోన్ ఎత్తాడో, ఇవన్నీ ఓటు మీద పడతాయి. కానీ ఎన్నికల ముందు జరిగే ఏ సంఘటనైనా జనం అప్పటికే పడుతున్న కష్టంతో కలిపే చూస్తారు. ఈ సంగతే మీ విశ్లేషణల్లో కనపడదు.

1984 చివర్లో, ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్‌కి 400 పైచిలుకు సీట్లిస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 42కి 30 తెలుగుదేశానికి వచ్చాయి. ఇక్కడివాళ్లకు ఇందిరమ్మ పోయినందుకు దుఃఖం లేకనా? ఆ ఆగస్టులోనే ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ని కాంగ్రెస్ అండతో గద్దె దించారు, నెల రోజుల పోరాటం తర్వాత గానీ ఆయన మళ్లీ కూర్చోలేదు, ఆ కోపం ఇంకా చల్లారలేదు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబు గారి మీద దాడి జరిగింది. అయ్యో అని అనుకోనివాళ్లు లేరు. ఆ తర్వాత ముందస్తుకు వెళ్తే 2004లో తెలుగుదేశానికి 294లో వచ్చినవి 47. వరస కరువు, అప్పులు, కరెంటు బిల్లులు మోస్తున్న రైతుకి వైఎస్ ఉచిత కరెంటు మాట చెవిన పడింది, అంతే.

డబ్బు సంగతి కూడా ఇంతే. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందు అక్కడ దళితబంధు మొదలుపెట్టారు, దళిత కుటుంబానికి 10 లక్షల సాయం, అంత పెద్ద పథకం అంతకుముందు ఎవరూ చూడలేదు. అయినా అధికార టీఆర్ఎస్ ఓడింది, ఆ పార్టీ వదిలి బీజేపీ తరఫున నిలబడ్డ ఈటల రాజేందర్ గెలిచారు. నన్నడిగితే ఆయన్ని మంత్రివర్గం నుంచి పంపించిన తీరే అక్కడివాళ్లకు ఎక్కువ గుచ్చుకుంది. జనం అమ్ముడుపోయారని రాసేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి ముందు పెట్టుకోవాలి.

మీకు నా విన్నపం ఒకటే. ఈసారి నోటిఫికేషన్‌కి ముందే మీ విలేకరులను ఊళ్లకు పంపండి, ఏ కులమని కాదు, పోయిన రెండేళ్లలో మీ ఇంట్లో ఏం మారిందని అడగమనండి. పంట ధర, పింఛను, పిల్లల ఫీజు, తాగునీరు, ఏది చెబితే అది వాళ్ల మాటల్లోనే వేయండి. ప్రచారం ముగిశాక వాట్సాప్‌లో చక్కర్లు కొట్టే వీడియోల్లో నిజమెంతో పోలింగ్ రోజు పొద్దుటి పేపర్లోనే మొదటి పేజీలో చెప్పండి, ఎందుకంటే ముందు రోజు రాత్రి వాటిని చూసి టెన్షన్ పడి మనసు మార్చుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు, కరీంనగర్ జిల్లా