మన కాలనీ సంక్షేమ సంఘం: 2024–25 వార్షిక నివేదిక

అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, ఇంత ఎండలోనూ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన మీ అందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, సంక్రాంతి ముగ్గుల పోటీలు, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. వినాయక చవితి మాత్రం బుడమేరు వాగుకు వరద వచ్చిన వారానికే పడింది. అవతల సింగ్ నగర్ నీళ్ళలో ఉంటే ఇక్కడ మైకులు పెట్టుకోవడం బాగుండదని పందిరి చిన్నదిగా వేసి, మిగిలిన చందా భోజనం పొట్లాలకు ఖర్చుపెట్టాం. పొట్లాలు కట్టిన మహిళా విభాగానికి, గిన్నెలకు అద్దె పుచ్చుకోని టెంట్ హౌస్ వారికి, గ్యాస్ బండలిచ్చిన మూడో వీధి వారికి, ట్రాక్టరు పంపిన వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. పేర్లు రాయడం లేదు. ఒక్కరిది తప్పిపోయినా వచ్చే ఉగాది దాకా నాతో మాట్లాడరు.

ఇక మన బండి సంగతి. షూటింగుల్లో వాడి వదిలేసిన పాత క్యారవాన్ ట్రైలర్‌ను గత కార్యవర్గం కొన్నప్పుడు నవ్వినవాళ్ళు ఉన్నారు. ఎండాకాలం అదే చలివేంద్రం, మిగతా రోజుల్లో అదే పఠన మందిరం, శిబిరం పెడితే డాక్టరు గారి గదీ అదే. ఆగస్టు 31న మొదలైన వానకు దాని టాపు కారి, పుస్తకాల అరలు రెండు తడిసి ముద్దయ్యాయి. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా పొట్లాలు లాక్కెళ్ళిన రోజున కూడా లోపల చుక్కలు పడుతుంటే సరుకు మీద పట్టా కప్పాల్సి వచ్చింది.

ఈ టాపు కారడం కొత్తేమీ కాదు. ఏటా ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని ఎక్కడం, ఇంత తారో ఇంత సిలికానో పులిమి దిగడం, మళ్ళీ వానకు మళ్ళీ కారడం. ఈసారి మొత్తం గీకి మొదటి నుంచి చేద్దామని తీర్మానించాం. మంచు, వాన, మండే ఎండ మూడూ లేని రోజులు చూసుకుని ఫిబ్రవరిలో పని పెట్టుకున్నాం.

నీళ్ళు పడేది వెనక బెర్తు మీద. కాబట్టి వెనకే ఎక్కడో చిల్లు ఉందని అందరి నమ్మకం. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రి గారు వచ్చి, ఒకరిని లోపల కూర్చోబెట్టి, తాను పైన గొట్టంతో సన్నగా నీళ్ళు వదులుతూ, పల్లం వైపు నుంచి ఒక్కొక్క జాయింటే తడుపుకుంటూ ముందుకు వెళ్ళారు. వెనక జాయింట్లన్నీ పొడిగానే ఉన్నాయి. తీరా ముందున్న పాత ఏసీ పెట్టె అంచు తడపగానే వెనక బెర్తు మీద చుక్క పడింది! నీళ్ళు అక్కడ దూరి, రేకు కింద ప్లైవుడ్ మీదుగా పల్లానికి పాకి ఇక్కడ పడుతున్నాయన్నమాట. ఏసీ పెట్టె విప్పి చూస్తే చుట్టూ ఉన్న ప్లై బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. అంతమేరా కోసి, నీళ్ళకు తట్టుకునే మెరైన్ ప్లై వేశాం. తడి మీద మూత వేస్తే లోపలే కుళ్ళుతుందని, చెమ్మ పూర్తిగా ఆరేదాకా రేకు మూయనివ్వలేదు మేస్త్రి గారు.

గీకడమే అసలు పని. పాత సిలికాన్ మీద కొత్త సీలెంట్ (సందులు మూసే జిగురు) పట్టదు, పెయింటూ పట్టదు. తారు మీద తెల్ల కోటింగ్ వేస్తే కొన్నాళ్ళకు గోధుమరంగు మరకలు పైకి తేలతాయి. రెండూ పోవాలి. ఇనప పట్టీతో గీకితే అల్యూమినియం రేకు కోసుకుపోతుందని ప్లాస్టిక్ పట్టీలు వాడాం. రేకు సొట్టపడకుండా ప్లై చెక్క పరచి దాని మీదే కూర్చున్నాం. తుప్పు పట్టిన స్క్రూలు తీసి స్టెయిన్‌లెస్‌వి బిగించాం. ఏసీ పెట్టె, గాలి కిటికీల అంచుల కింద జిగట రబ్బరులా ఉండే బ్యుటైల్ టేపు, బిగించాక అంచుల మీద, స్క్రూ తలల మీద పాలీయురేథేన్ సీలెంట్. ఆపైన సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో తుడిచి, రేకు బయటపడ్డ చోట ప్రైమర్ వేశాం. జాయింట్ల మీద కోటింగ్ పూసి, అది తడిగా ఉండగానే ఫైబర్ మెష్ పరచి, దాని మీద మళ్ళీ పూశాం. చివరగా టాపంతా రబ్బరులా సాగే తెల్ల ఎలాస్టోమెరిక్ కోటింగ్: మొదటిది నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా. ‘కాస్త నీళ్ళు కలిపితే ఇంకో కోటు వస్తుంది కదండీ’ అన్న పెద్దలకు ఒక మాట. పల్చబడితే మందం రాదు, మందం రాకపోతే డబ్బు ఖర్చయ్యీ టాపు కారుతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన వీడియోలు చాలా పనికొచ్చాయి. అయితే అక్కడి ట్రైలర్లలో చాలావాటికి టాపు మీద రబ్బరు షీటు ఉంటుంది. దాన్ని థిన్నర్, పెట్రోలు లాంటివాటితో తుడిస్తే ఉబ్బి పాడవుతుంది. మనది రేకు కాబట్టి సరిపోయింది. వాళ్ళు వాడే, దానంతట అదే సర్దుకునే సీలెంట్ కూడా చదునుగా ఉన్న చోటికే. నిలువు అంచుకు పెడితే జారి కిందికి వస్తుంది.

పని అయ్యాక అదే గొట్టంతో మళ్ళీ తడిపాం. లోపల చుక్క లేదు. మార్చి ఎండల్లో లోపలి సీలింగు చెయ్యి పెట్టగలిగేలా ఉంది. చలివేంద్రంలో మజ్జిగ పోసే అమ్మలు ముందుగా గమనించింది అదే.

వాట్సాప్‌లో ‘నేను సైతం’ అని పెట్టిన వారిలో ఆదివారం పట్టీ పట్టుకున్నవారు వేళ్ళ మీద లెక్కించదగ్గవారే. కుర్రాళ్ళు పూసిన రోజు ఫొటోలకు వచ్చారు, గీకిన రోజు రాలేదు. రిటైరైన ఆర్టీసీ మెకానిక్ గారు, మాస్టారు దంపతులు మోకాళ్ళ నొప్పులతోనే నిచ్చెనెక్కారు. మేస్త్రి గారు కూలి తీసుకోలేదు. శాలువా కప్పుతామంటే దానికీ ఒప్పుకోలేదు.

ఎండకు కోటింగ్ త్వరగా పాడవుతుంది కాబట్టి, పార్కు గోడ పక్కన బండికి రేకుల షెడ్డు వేసుకుంటామని సంబంధిత కార్యాలయంలో అర్జీ పెట్టాం. అధికారి మారారు, అర్జీ మాత్రం ‘పరిశీలనలో’ నుంచి కదలలేదు. పరిశీలనకు ఒక్కరూ రాలేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. బండి ఖర్చు మరమ్మతుల పద్దులో ఉంది. కొత్త టాపుకు చెప్పిన కొటేషన్ కంటే చాలా తక్కువలో అయింది. రసీదులు ఫైల్లో ఉన్నాయి, చూడదలచినవారు చూడవచ్చు. బకాయిదారుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టాం.

సభ ఆమోదం కోరుతున్నది ఒకటే. ఏటా మే నెలలో వానలకు ముందు, నవంబరులో వానలు వెనకపట్టాక, ఇద్దరు సభ్యులు టాపెక్కి జాయింట్లు చూసి రిజిస్టరులో సంతకం చేయాలి. పగులు వెంట్రుకంత ఉన్నప్పుడే సీలెంట్ పెడితే మళ్ళీ మొత్తం గీకే అవసరం రాదు. ఈ మే నెలకు ఇద్దరి పేర్లు ఈ సభలోనే ఇవ్వాలి. నిచ్చెన తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది. సీలెంట్ గన్ తమ ఇంటి బాత్రూముకని తీసుకెళ్ళిన సభ్యులు దయచేసి తిరిగి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి,
విజయవాడ