పాత ఎమ్‌ఎక్స్-5కు ప్లగ్గులు మార్చే ముందు

విశాఖపట్నం

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం అందింది. మాజ్డా వారు మన దేశంలో ఎన్నడూ అధికారికంగా అమ్మని, పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల చిన్న కారు ఎమ్‌ఎక్స్-5ను, అందులోనూ హెడ్‌లైట్లు పైకి లేచే ఆ తొలి తరం బండిని, హైదరాబాదులో ఎక్కడ వెతికి పట్టావో గానీ, ఇన్నాళ్లూ నా బండిని చూసి నవ్విన నువ్వే ఇప్పుడు దాని సంగతులు అడుగుతుంటే నాకు సంతోషంగానే ఉంది. చెల్లెమ్మ ఏమన్నదో మాత్రం నువ్వు రాయలేదు.

ఇక విషయానికి వస్తాను. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను నడుస్తున్నప్పుడు, బండి నిలకడగానే ఉంటుందనీ, నాలుగో గేరులో నెమ్మదిగా వెళుతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం మధ్యమధ్య మంట తప్పి కుదుపుతూ మిస్సింగ్ కొడుతుందనీ, మెకానిక్ వెంటనే మొనకు ఇరిడియం అనే లోహం ఉన్న ఖరీదైన ప్లగ్గులు వేయించమన్నాడనీ రాశావు. నా మాట వింటే ఆ డబ్బును ముందు, సిలిండరులో రవ్వ పుట్టించే ఆ ప్లగ్గులకు కరెంటు తెచ్చే వైర్ల మీద పెట్టు. ఈ ఇంజనులో ఇటువంటి మిస్సింగ్‌కు చాలాసార్లు అసలు దోషి వైరే, నింద పడేది మాత్రం ప్లగ్గు మీద. ఇంజను మీద బరువు పడినప్పుడు సిలిండరులోకి గాలీ పెట్రోలూ ఎక్కువగా చేరి గట్టిగా నొక్కుకుపోతాయి. ఆ ఒత్తిడిలో ప్లగ్గు గ్యాప్‌ను దాటడానికి నిప్పురవ్వకు చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. వైరు తొడుగు ఎండి పగిలి ఉంటే కరెంటు అంత కష్టపడదు, పగులులోంచి పక్కనే ఉన్న ఇంజను పై దిమ్మ, అంటే హెడ్‌లోకి దిగిపోతుంది. స్లోలో ఒత్తిడి తక్కువ కనుక ఈ లోపం బయటపడదు.

దీన్ని కంటితోనే చూడవచ్చు. రాత్రి షెడ్డులో దీపాలు ఆర్పి, ఇంజను నడుస్తుండగా, చేతులు దూరంగా ఉంచి, వైర్ల మీద నీటిని సన్నని తుంపరగా చల్లు. పాడైన వైరు దగ్గర నీలి రవ్వలు చిటపటమంటూ హెడ్ వైపు దూకుతాయి. మల్టీమీటరు ఉంటే నాలుగు వైర్ల రెసిస్టెన్స్ కూడా కొలిచి చూడు. పొడుగు వైరుకు ఎక్కువ, పొట్టి వైరుకు తక్కువ రావాలి; ఈ లెక్క తప్పిన వైరు మీద అనుమానం పెట్టుకో. మా విశాఖలో ఉప్పుగాలి కారణంగా మరో బాధ ఉంది. వైరు చివరి లోహపు టోపీ లోపల పచ్చటి చిలుము పట్టి, పైకి కొత్తగా కనిపించే వైరు కూడా లోపల పనికిరాకుండా పోతుంది. అందుకే రబ్బరు టోపీలోకి కరెంటును పోనివ్వని డైఎలెక్ట్రిక్ గ్రీజు కొద్దిగా రాయకుండా నేను ఏ వైరునూ ఎక్కించను. మీ పొడి వాతావరణంలో ఇది అంత అవసరం కాదు గానీ, రాయడం వల్ల నష్టమేమీ లేదు. పైగా ఆ టోపీ తరువాతిసారి సులువుగా ఊడి వస్తుంది.

వైర్లను ఒక్కొక్కటిగానే మార్చు. ప్లగ్గులకు వోల్టేజి పుట్టించే కాయిల్ ప్యాకు హెడ్ వెనుక, ఇంజనుకూ డ్రైవరు కూర్చునే చోటుకూ మధ్య ఉన్న గోడకు దాదాపు ఆనుకుని ఉంటుంది కనుక అక్కడ చేయి ఆడదు, ఓపిక కావాలి. అందులో ఉన్నవి రెండే కాయిళ్లు: ఒకటి 1, 4 సిలిండర్లకు, మరొకటి 2, 3 సిలిండర్లకు. ఒక్కో కాయిలు తన రెండు సిలిండర్లలోనూ ఒకేసారి రవ్వ పుట్టిస్తుంది; ఒకదానిలో అది మంటను రాజేస్తుంది, పొగ బయటికి పోతున్న రెండోదానిలో వృథా అవుతుంది. అందువల్ల 1, 4 వైర్లు తారుమారైనా బండి మామూలుగానే నడుస్తుంది. 1, 2 తారుమారైతే మాత్రం నడవదు.

వైరు టోపీని బయటికి లాగినప్పుడు దాని కింది భాగం నూనెతో తడిసి ఉందేమో చూడు. తడిసి ఉంటే ఇంజను పైమూత అయిన క్యామ్ కవరు ప్యాకింగ్ గట్టిపడి, ఆయిలు ప్లగ్గు గోతుల్లోకి దిగుతోందన్నమాట. ఆ నూనెలో నానిన రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది, రవ్వ పక్కదారి పడుతుంది. కొత్త వైర్లు వేసి పాత ప్యాకింగ్ వదిలేయడం దండగ, కనుక రెండూ కలిపే తెప్పించుకో. కవరు మూలల్లో, క్యామ్ షాఫ్టు మూతలు హెడ్‌ను కలిసే చోట మాత్రం సిలికాన్ పేస్టు చిటికెడు పెట్టాలి, చుట్టూ పూయకూడదు. కవరు బోల్టులకు చాలా తక్కువ బిగువు చాలు, బలం చూపిస్తే అల్యూమినియం త్రెడ్లే ఊడి వస్తాయి.

ప్లగ్గుల విషయానికి వస్తే, మామూలు ఎన్‌జీకే బీకేఆర్5ఈ-11 సరిపోతుంది. చివరి 11 అంటే 1.1 మిల్లీమీటర్ల గ్యాప్. అట్టపెట్టెలోంచి తీసినా సరే, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో ఒకసారి సరిచూడు. మధ్యలోని 5 వేడి లెక్క. ఎన్‌జీకే వారి పద్ధతిలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని త్వరగా వదిలేది, అవుతుంది. మన ఎండలు చూసి చల్లని ప్లగ్గు వేయమని సలహా ఇచ్చేవారున్నారు. ప్లగ్గు కొసను వేడెక్కించేది సిలిండరులోని మంటే తప్ప బయటి ఎండ కాదు కనుక, ఇంజనులో మార్పులేవీ చేయనప్పుడు ఆ సలహాను పట్టించుకోనక్కరలేదు.

ఇంజను పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టు. ముందు గోతుల్లోకి గాలి కొట్టించి ఇసుకా దుమ్మూ బయటికి పోనివ్వాలి. ప్లగ్గు విప్పాక కొట్టిస్తే అవి నేరుగా సిలిండరులోకే పోతాయి. ప్లగ్గుకు 16 మిల్లీమీటర్ల సాకెట్ పడుతుంది. కొత్త ప్లగ్గు తలకు చిన్న రబ్బరు గొట్టం ముక్క తొడిగి, దానితోనే తిప్పుతూ దించు. త్రెడ్డు అడ్డంగా పడితే గొట్టం జారిపోతుంది కానీ హెడ్ చెడదు. పానా పట్టుకుంటే ఈ దయ ఉండదు. చేతితో పూర్తిగా బిగిశాక కొత్త వాషరుకు మరో అర చుట్టు చాలు. బిగువు కొలిచే టార్క్ రెంచ్ ఉంటే 15 నుంచి 23 న్యూటన్ మీటర్ల మధ్య ఆపు. త్రెడ్లకు గ్రీజు పూయవద్దు. అది జారుడు పెంచడం వల్ల రెంచ్ లెక్క తప్పి ప్లగ్గు అతిగా బిగుస్తుంది.

తీసిన ప్లగ్గులను వరుస చెడకుండా బల్ల మీద పేర్చి, భూతద్దం పెట్టి చూడు. రెండింటిలో మధ్య మొన అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి. మిగిలిన రెండింటిలో పైన వంగి ఉన్న కొక్కెం అరిగి ఉంటుంది. ఇది లోపం కాదు. ఒకే కాయిలుకు ఉన్న రెండు ప్లగ్గుల్లో రవ్వ ఒకదానిలో మొన నుంచి కొక్కేనికి, రెండోదానిలో కొక్కెం నుంచి మొనకు దూకుతుంది. మొనకు మాత్రమే ఖరీదైన లోహం అతికించిన ప్లగ్గు ఈ బండికి అంతగా లాభించకపోవడానికి కారణం కూడా ఇదే, మీ మెకానిక్‌కు చెప్పి చూడు. రంగు లేత గోధుమగా ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందో, రవ్వ బలహీనంగా ఉందో చూడాలి. కొస దగ్గరే జిడ్డుగా తడి కనిపిస్తే ఆయిలు సిలిండరు లోపలికే చేరుతున్నట్టు. అది ప్యాకింగ్‌తో తీరే జబ్బు కాదు.

పని అయ్యాక పరీక్షకు చదునైన రోడ్డు పనికిరాదు. నేనైతే సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కిస్తాను. అక్కడ ఒక గేరు ఎక్కువలో ఉంచి నెమ్మదిగా తొక్కుతూ పోతే, మన బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా దాచిపెట్టిన మిస్సింగ్ కూడా మొదటి మలుపు లోపలే బయటపడుతుంది. మీ ఊరిలో అంత ఎత్తు దొరక్కపోతే ఏదైనా పొడవైన ఫ్లైఓవర్ వాలు చూసుకో. అప్పటికీ కుదుపు పోకపోతే కాయిల్ ప్యాకును అనుమానించాలి. దాన్ని కొనేలోపు నాకు ఒక మాట రాయి, నా దగ్గర ఉన్న అదనపు కాయిల్ ప్యాకు పంపిస్తాను, బిగించి చూసి నిర్ణయించుకుందువు గాని.

నీ స్నేహితుడు