ఈస్టర్ పాటల కింద రాసినవాళ్ల పేర్లు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఈస్టర్ రోజు పునరుత్థానం పాటల మీద మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. పాడినవాళ్ల ఫొటోలు పెద్దగా వేశారు, బాగుంది, కానీ ఆ పాటలు రాసినవాళ్ల పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. "ప్రసిద్ధ ఇంగ్లీషు గీతం" అని రాసి సరిపెట్టేశారు. ఎవరో ఒకరు కూర్చుని రాస్తేనే కదండీ ప్రసిద్ధమయ్యింది!

ఉదాహరణకు "అప్ ఫ్రమ్ ద గ్రేవ్ హి అరోజ్" (సమాధిలోంచి ఆయన లేచాడు) చూడండి. 1874లో అమెరికాలో రాబర్ట్ లౌరీ అనే బాప్టిస్టు పాస్టర్ మాటలూ తనే రాసి ట్యూనూ తనే కట్టాడు. చరణంలో యేసు ఇంకా సమాధిలోనే ఉన్నాడు కాబట్టి పాట కింది స్థాయిలో, దాదాపు ఏడుపులా మెల్లగా నడుస్తుంది, పల్లవి అందుకునేసరికి ఒక్కసారిగా వేగం పెరిగి స్వరం మెట్లెక్కినట్టు పైకి పోతుంది, అంటే లేవడం అనే మాట పాడేటప్పుడు ట్యూను కూడా లేస్తుందన్నమాట. మా క్వయర్‌లో కొత్తగా చేరిన పిల్లలు కూడా ఇక్కడికి రాగానే ఎవరూ చెప్పకుండానే గొంతు పెంచేస్తారు. ఇంత పనితనం చూపించిన లౌరీ తనను ముందు ప్రసంగీకుడిగానే అనుకునేవాడట, పాటలు ఆ తర్వాతే. ఇప్పుడు ఆయన ప్రసంగాలు ఎవరికి గుర్తున్నాయి?

"బికాజ్ హి లివ్స్" విషయంలో ఇంకో రకం అన్యాయం. పేరు చెప్పేవాళ్లు కూడా బిల్ గేదర్ పాట అంటారు. అది బిల్, ఆయన భార్య గ్లోరియా ఇద్దరూ కలిసి రాసింది. 1960ల చివర్లో ఇండియానాలో ఉండే ఆ దంపతులకు కష్టకాలం, బిల్‌కు జబ్బు చేసింది, గ్లోరియా మనసు బాగా కుంగిపోయింది, పైగా మూడో బిడ్డ కడుపులో. బయట లోకం చూస్తే ఇలాంటి రోజుల్లో పిల్లల్ని ఎలా కనాలి అని టెన్షన్. 1970లో బాబు పుట్టాడు, 1971లో పాట వచ్చింది. రెండో చరణంలో అప్పుడే పుట్టిన బిడ్డను ఎత్తుకోవడం ఎందుకు ఉందో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది. ఆ చరణం పాడుతూ గ్లోరియా పేరు వదిలేయడం నాకు అస్సలు నచ్చదు.

పేరు వేసేటప్పుడు కొంచెం జాగ్రత్త కూడా కావాలి. 1739లో ఇంగ్లాండు కీర్తనకారుడు చార్లెస్ వెస్లీ అచ్చువేసిన "క్రైస్ట్ ద లార్డ్ ఈజ్ రిజెన్ టుడే" అనే ఈస్టర్ కీర్తనలో ఇప్పుడు ప్రతి పాదం చివరా మనం పాడే "అల్లెలూయా" ఆయన రాసింది కాదు, తర్వాతివాళ్లు ట్యూనుకు సరిపోయేలా చేర్చారు. నిజం చెప్పాలంటే అది లేకుండా ఆ పాట పాడమంటే నావల్ల కాదు, అయినా ఎవరిది ఎంతో చెప్పాలిగా.

మన దగ్గర ఈ పద్ధతి లేకపోతే సరే అనుకోవచ్చు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీయండి, పాట పైన రాగం, తాళం, కింద రాసినవారి పేరు ఉంటాయి. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి పేరు మా తాతల కాలం నుంచి ఈ రోజు వరకు అందరి నోట ఉందంటే ఆ చిన్న అక్షరాల వల్లే. ఇప్పుడు చర్చిల్లో ప్రొజెక్టర్ వచ్చాక తెర మీద మాటలు మాత్రమే వేస్తున్నారు, యూట్యూబ్‌లో అయితే పాడినవాళ్లదే పాట అయిపోతోంది. పత్రిక కూడా అదే దారిలో పోతే ఎలా?

వచ్చే ఈస్టర్ పేజీలో, ఈలోగా క్రిస్మస్ పేజీలో కూడా, ప్రతి పాట కింద రాసినవాళ్ల పేరు, ట్యూను వేరేవాళ్లది అయితే వాళ్ల పేరు, తెలిస్తే సంవత్సరం, తెలుగు చేసినవాళ్లుంటే వాళ్ల పేరు వేయండి. చోటు చాలకపోతే ఒక ఫొటో తగ్గించండి.

ఇట్లు,
ఒక క్వయర్ సభ్యుడు, గుంటూరు