రిటెన్షన్ తగ్గిస్తే పాత బ్యాకప్‌ల గతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

బ్యాకప్ తీసుకోండి తీసుకోండి అని అందరూ చెప్తారు గానీ తీసుకున్నది ఎన్నాళ్ళు ఉంటుందో ఎవరూ చెప్పరు, అందుకే ఈ ఉత్తరం. నేను చాలా ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నా. ఆ మధ్య స్టోరేజ్ నిండిపోతోందని పైవాళ్ళు గోల పెడితే రిటెన్షన్, అంటే ఒక్కో బ్యాకప్‌ని ఎన్నాళ్ళు ఉంచాలనే గడువు, 90 రోజుల నుంచి 30కి తగ్గించాం, ఇకమీదట తీసుకునే బ్యాకప్‌లకే వర్తిస్తుంది కదా అనుకుని. ఆ రాత్రి బ్యాకప్ జాబ్ రన్ అయ్యాక చూస్తే 30 రోజులు దాటినవన్నీ గల్లంతు! వెంటనే మళ్ళీ 90 పెట్టాం, ఏం లాభం, పోయినవి వస్తాయా, రోజుకొకటి చొప్పున మళ్ళీ 90కి చేరడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఎవరు పాత ఫైల్ అడుగుతారో అని గుండె చేత్తో పట్టుకుని తిరిగాం.

చిక్కేంటంటే ఇది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోని అజూర్ బ్యాకప్‌లో పాలసీ (గడువు రూల్) మారిస్తే పాత రికవరీ పాయింట్లకీ, అంటే అప్పటికే తీసిన కాపీలకీ, కొత్త లెక్కే. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ బ్యాకప్‌లో ప్లాన్ మార్చినా, అంతకుముందు తీసినవి పాత గడువుతోనే ఉంటాయి. నెట్‌బ్యాకప్ అనే సాఫ్ట్‌వేర్ కూడా అంతే, గడువు తేదీ బ్యాకప్ తీసినప్పుడే దాని మీద పడిపోతుంది, మార్చాలంటే విడిగా కమాండ్ కొట్టాలి. మరి అదే ఏడబ్ల్యూఎస్ వాళ్ళ ఫైళ్ళు దాచే ఎస్3లో లైఫ్‌సైకిల్ రూల్ (ఇన్ని రోజులకు డిలీట్ చెయ్యి లాంటిది) పెట్టండి, ఎప్పుడో పెట్టిన ఫైళ్ళకీ వర్తిస్తుంది. కంపెనీ ఒకటే, పద్ధతులు రెండు, ఇక కొత్తగా చేరిన కుర్రాడికి ఏం అర్థమవుతుంది చెప్పండి.

దీనికి రివర్స్ కూడా ఉంది. కస్టమర్ డేటా ఏడాది దాటితే ఉంచం అని పాలసీ మార్చి చేతులు దులుపుకుంటారు, అక్కడ పాత బ్యాకప్‌లు ఏడేళ్ళ గడువుతో హాయిగా పడి ఉంటాయి. గడువులోపు ఎవరూ డిలీట్ చేయకుండా తాళం వేసే ఎస్3 ఆబ్జెక్ట్ లాక్ కంప్లయన్స్ మోడ్‌లో పెట్టి ఉంటే గడువు పెంచొచ్చు గానీ తగ్గించడం అన్ని హక్కులూ ఉండే రూట్ అకౌంట్ వల్ల కూడా కాదు. ఎస్3లోనే అరుదుగా వాడే డేటాని చవగ్గా దాచే గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో అయితే 180 రోజులకు ముందే తీసేసినా మిగిలిన రోజుల డబ్బు కట్టాల్సిందే, ఖర్చు తగ్గిద్దామని తీసేసేవాళ్ళకి ఈ ముక్క బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

తప్పు మాదే, డాక్యుమెంటేషన్ చదవకుండా మార్చాం, కాదనను. కానీ చిన్న ఫైల్ డిలీట్ చేస్తేనే ఖాయమా అని అడిగే సాఫ్ట్‌వేర్లు, అంకె మార్చి సేవ్ నొక్కితే ఇన్ని పాత కాపీలు పోతాయి అని ఒక్క లైన్ చూపించలేవా? చూపిస్తే నష్టమేంటి? ఇప్పుడు మా దగ్గర రిటెన్షన్ తగ్గించాలంటే ముందు పాతవాటి లిస్ట్ తీసి, ఆడిట్‌కో కోర్టు కేసుకో కావాల్సినవి పక్కకి కాపీ చేసి, ఇంకొకరు చూశాకే సేవ్ నొక్కుతున్నాం.

ఇట్లు,
ఒక బ్యాకప్ అడ్మిన్