బిల్డ్ దిద్దుకునే దారి ఆటలోనే ఉండాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఆన్‌లైన్ ఆటల గురించి పత్రికల్లో వచ్చేదంతా వ్యసనం, డబ్బు నష్టం చుట్టూనే తిరుగుతోంది. ఆ చర్చ అవసరమే. కానీ రోల్‌ప్లేయింగ్ ఆటలు (ఒక పాత్రను పెంచుకుంటూ ఆడేవి) ఆడేవాళ్లను రోజూ ఇబ్బంది పెట్టే ఇంకో సంగతి ఎవరికీ పట్టడం లేదు. మల్టీక్లాస్ ఉన్న ఆటల్లో, అంటే ఒకే క్యారెక్టర్‌కు యోధుడు, మాంత్రికుడు లాంటి రెండు క్లాసుల (వృత్తుల) విద్యలు నేర్పుకోగలిగే ఆటల్లో, కొన్ని కంపెనీలు నిబంధనలు పూర్తిగా చెప్పకుండానే ఎంచుకోమంటున్నాయి. ఆ కూర్పు, అంటే బిల్డ్, బెడిసికొట్టాక దిద్దుకోవాలంటే డబ్బు కట్టమంటున్నాయి. ఈ పద్ధతి మారాలి.

ఆడనివాళ్లకు ఇది చిన్న గొడవలా అనిపించవచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. ఈ ఆటల్లో చాలావాటికి మూలం 1974లో వచ్చిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఇందులో ఆడేకొద్దీ క్యారెక్టర్ ఒక్కో లెవెల్ ఎక్కుతుంది, ఎక్కిన ప్రతి లెవెల్‌నూ ఏదో ఒక క్లాస్‌కే ఇవ్వాలి. దాని 2014 నిబంధనల ప్రకారం యోధుడు తన వంతు వచ్చినప్పుడు రెండు దెబ్బలు కొట్టగలిగేది ఐదో లెవెల్ నుంచి. మాంత్రికుడికి మూడో స్థాయి మంత్రాలు అందేదీ ఐదో లెవెల్‌లోనే. కొత్తగా చేరిన ఆటగాడు రెండూ సమంగా ఉండాలని ఇటు నాలుగు, అటు నాలుగు లెవెళ్లు పెట్టాడనుకోండి. మొత్తం ఎనిమిదికి చేరినా అతనికి రెండో దెబ్బ లేదు, మూడో స్థాయి మంత్రమూ లేదు. ఒకే క్లాస్ పట్టుకున్న స్నేహితులకు ఆ శక్తి మూడు లెవెళ్ల కిందటే వచ్చేసింది. పోనీ యోధుడివి ఐదు, బార్బేరియన్‌వి (ఐదో లెవెల్‌లో రెండో దెబ్బ వచ్చే ఇంకో పోరాట క్లాస్) ఐదు కలిపితే మూడు దెబ్బలొస్తాయా అంటే, రావు. రెండే. ఎంత తెలివైనవాడైనా ఇది ఊహించి తెలుసుకోలేడు, చదవాల్సిందే. బల్ల చుట్టూ కూర్చుని ఆడేవాళ్ల దగ్గర పుస్తకం ఉంటుంది. చాలా ఆన్‌లైన్ ఆటల్లో ఉండేది ఒక బటన్ మాత్రమే, నొక్కితే ఆ లెవెల్ ఖర్చయిపోయినట్టే.

ఇంత చిక్కు ఉన్నప్పుడు మల్టీక్లాస్ తీసేయొచ్చు కదా అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఈ ఆటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఇంకెవరికీ తట్టని కలయికను పట్టుకుని, అది పనిచేస్తుందని పార్టీ (కలిసి ఆడే జట్టు) ముందు నిరూపించినప్పటి ఆనందం ఏ ఖరీదైన కత్తిలోనూ దొరకదు. పైగా దీన్ని చక్కగా నడిపిన ఆటలు లేకపోలేదు. 2002లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ ఎలెవెన్‌లో ప్రధాన జాబ్‌కు (అక్కడ క్లాస్‌ను జాబ్ అంటారు) తోడు సపోర్ట్ జాబ్ పెట్టుకోవచ్చు, దాని లెవెల్ మామూలుగా ప్రధాన జాబ్ లెవెల్‌లో సగం వరకే లెక్కకొస్తుంది. నచ్చకపోతే వేరే జాబ్ పెట్టుకోవచ్చు, పెంచుకున్నది పోదు. గిల్డ్ వార్స్ (2005) రెండు వృత్తులను కలపనిచ్చింది, కానీ ప్రధాన వృత్తికే సొంతమైన ఒక గుణాన్ని రెండోదానికి ఇవ్వలేదు. ఈ ఒక్క నియమంతో ప్రధాన వృత్తికి విలువ నిలబడింది. బాల్డర్స్ గేట్ 3 (2023) అయితే శిబిరంలో వంద బంగారు నాణేలిస్తే క్యారెక్టర్‌ను మొదటి లెవెల్ నుంచి మళ్లీ కట్టుకోనిస్తుంది. అవి ఆటలో సంపాదించుకునే నాణేలు, బ్యాంకు ఖాతాలోవి కావు.

వెనక్కి తీసుకోగలిగితే నిర్ణయానికి బరువేముంటుందని కొందరు డిజైనర్లు వాదిస్తారు. అందులో కొంత న్యాయం ఉంది. దిద్దుబాటు ఊరికే రానక్కర్లేదు, ఒక కష్టమైన క్వెస్ట్ (ఆటలో సాధించాల్సిన పని) పెట్టండి, ఆటలోని బంగారం అడగండి, సంతోషంగా చేస్తాం. కానీ నిర్ణయానికి బరువు ఉండాలంటూనే బిల్డ్‌ను మళ్లీ కట్టుకోనిచ్చే రీసెట్ టోకెన్‌ను ఆట దుకాణంలో అసలు డబ్బుకు అమ్మితే ఆ వాదన అక్కడే వీగిపోతుంది. డబ్బున్నవాడి నిర్ణయానికి బరువు అక్కర్లేదా?

అన్నిటికంటే బాధపెట్టేది అప్‌డేట్ల సంగతి. నేను ఆడే ఒక ఆటలో హీలర్ (గాయాలు మాన్పేవాడు), యోధుడు కలిపిన బిల్డ్ ఒకటి చాలామంది ఎంచుకున్నది. ఒక అప్‌డేట్‌లో ఆ రెండు క్లాసుల శక్తులు కలవకుండా చేశారు. సమతూకం కోసం మార్చి ఉంటారు, మార్చే హక్కూ వాళ్లకుంది. కానీ మా గిల్డ్‌లో, అంటే మా ఆటగాళ్ల సంఘంలో, నెలల తరబడి ఆ క్యారెక్టర్‌ను పెంచుకున్నవాళ్లను మర్నాటి నుంచి పార్టీల్లోకి పిలవడం మానేశారు. తోటి ఆటగాళ్లు ఇంత కఠినంగా ఉండాల్సిన పని లేదని కూడా ఇక్కడే చెప్పాలి. ఆ క్యారెక్టర్‌ను పెంచుకున్నవాళ్లకు కంపెనీ నుంచి వచ్చిన జవాబు మాత్రం ఒక్కటే: రీసెట్ టోకెన్ దుకాణంలో ఉంది. నియమం మార్చింది ఒకరు, మూల్యం చెల్లించేది ఇంకొకరు.

ఆటలకు వయసు రేటింగులిచ్చే సంస్థలు, వినియోగదారుల సంఘాలు దీని మీద దృష్టి పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. లెవెల్ ఎక్కే ముందే ఏ క్లాస్‌లో ఎప్పుడు ఏ శక్తి వస్తుందో, ఏది దేనితో కలవదో పూర్తి పట్టిక ఆటలోనే చూపించాలి. కంపెనీ ఒక క్లాస్‌ను మార్చిన ప్రతిసారీ ఆ క్లాస్ ఉన్న ప్రతి క్యారెక్టర్‌కు ఒక రీసెట్ ఉచితంగా ఇవ్వాలి, వాడుకోవడానికి కనీసం నెల గడువుండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు