చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో సాయంత్రాలు: డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మ్యూజియంలో సాయంత్రం కార్యక్రమాలు పెట్టండి, మేమూ వస్తాం. ఏది ఎక్కడన్నది మాత్రం ముందే తేల్చాలి.

అమరావతి శిల్పాలకు సాయంత్రమే మంచి వేళ. పైలైట్లు ఆర్పి, చిన్న ఎల్ఈడీ టార్చిని పలకకు దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేస్తే, ఎదురు వెలుగులో అణిగిపోయే హారాలు, బట్టల మడతలు, వేళ్లు పైకి లేస్తాయి. రాయికి వెలుగుతో చేటు లేదు. పులుపుతో ఉంది: అది సున్నపురాయి, నిమ్మరసం బొట్టు పడినా మచ్చ తినేస్తుంది. అందుకే షర్బత్తూ ఫలహారాలూ చెట్ల కిందే. గుంపుకు 15 మంది చాలు. మైకు వద్దు, ఎత్తైన హాల్లో మాట మారుమోగుతుంది. కృష్ణా తీరం నుంచి వచ్చిన రాళ్లకు తెలుగు చెప్పే గైడు ఒకరుండాలని వేరే అడగాలా?

కంచు విగ్రహాల దగ్గర జనాన్ని నిలబెట్టొద్దు. ఊపిరితో, చెమటతో తేమ పెరుగుతుంది. లోహంలో క్లోరైడ్ లవణాలుంటే లేత ఆకుపచ్చ పొడి మొదలై లోపలికి తొలుస్తుంది. షోకేసుల్లో తేమమీటరు పెట్టి, 42 శాతం దాటకముందే తేమను పీల్చే సిలికా జెల్ మార్చండి.

రవివర్మ తైలవర్ణ చిత్రాల మీద పడే వెలుగు 200 లక్సు (వెలుగు కొలత) మించొద్దు.

రోజంటారా, గురువారం. మర్నాడు మ్యూజియానికి సెలవు కాబట్టి బొద్దింకలూ చీమలూ చేరకముందే ఊడ్చుకోవచ్చు.

ఇట్లు,
చెన్నై తెలుగు కళాభిమానులు